విండోస్ 11 ఎక్కించాక ల్యాప్‌టాప్ నత్తనడక, డిస్క్ ఎప్పుడు చూసినా 100 శాతం

తాటిముంజ:
ఇంటెల్ ఐ3 ఎనిమిదో తరం, 4 జీబీ ర్యామ్, 5400 ఆర్‌పీఎం 1 టీబీ హార్డ్ డిస్క్. ఆరు రోజుల కిందట విండోస్ 10 మీదే 11 ఎక్కించాను. ఇప్పుడు ఆన్ చేస్తే డెస్క్‌టాప్ కనబడేసరికి ఐదు నిమిషాలు, క్రోమ్ తెరుచుకోవడానికి ఇంకో నిమిషం. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ 100, మెమరీ 88, సీపీయూ మాత్రం 15 దాటదు. మధ్యలో మౌస్ కదులుతుంది గానీ ఏది నొక్కినా పలకదు, కాసేపాగి నొక్కినవన్నీ ఒక్కసారే తెరుచుకుంటాయి. స్టార్టప్ యాప్స్ ఆపేశాను, టెంప్ ఫైళ్లు తీసేశాను. పదికి తీసుకెళ్లే 'గో బ్యాక్' బటన్ ఇంకా ఉంది. నొక్కెయ్యమంటారా? లేక ర్యామ్ కొంటే సరిపోతుందా?

స్క్రూడ్రైవర్:
తొందరపడకండి. గో బ్యాక్‌కి పది రోజుల గడువు ఉంటుంది, మీకింకా నాలుగు రోజులుంది. ఈలోగా డిస్క్‌లో దాచి ఉంచిన పాత విండోస్ ఫైళ్లను, అంటే 'ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్'ని, తీసెయ్యకండి, అది పోతే ఆ దారి మూసుకుపోయినట్టే.

కొత్త విండోస్ ఎక్కాక ఒకటి రెండు రోజులు డిస్క్ నలగడం మామూలే. సెర్చ్ ఇండెక్సర్ ఫైళ్లన్నిటినీ మళ్లీ లెక్క రాసుకుంటుంది, యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్ అన్నీ తడుముతుంది, విండోస్ మాడ్యూల్స్ ఇన్‌స్టాలర్ వర్కర్ అప్‌డేట్లు సర్దుతుంది. చార్జర్ పెట్టి, స్లీప్‌లోకి పోకుండా సెట్ చేసి, ఒక రాత్రంతా వదిలేస్తే చాలావరకు సద్దుమణగాలి. ఆరు రోజులైనా తగ్గలేదంటే వేరే కారణం ఉంది.

ఇంకో సంగతి. షట్‌డౌన్ కొడితే ఫాస్ట్ స్టార్టప్ వల్ల విండోస్ పూర్తిగా ఆగదు, కెర్నల్‌ని డిస్క్‌లో దాచుకుని మళ్లీ అదే లేపుతుంది. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ కింద అప్‌టైమ్ చూడండి. రోజుల్లో ఉంటే ఒకసారి రీస్టార్టే కొట్టండి.

నల్లడబ్బా:
మెమరీ 88 శాతం అన్నారు చూడండి, సగం కథ అక్కడుంది. 4 జీబీలో విండోస్ 11, డిఫెండర్ కూర్చున్నాక క్రోమ్‌కి మిగిలేది గోరంత. చోటు చాలనివన్నీ పేజ్‌ఫైల్ రూపంలో డిస్క్ మీదికి పోతాయి. తిరిగే డిస్క్‌కి ఇలాంటి చిల్లర రాతకోతలు సెకనుకి వంద చెయ్యడమే గగనం. అందుకే డిస్క్ 100, సీపీయూ ఖాళీ. 4 జీబీతో 11 నడుస్తుందని పెట్టె మీద రాసి ఉండొచ్చు, నడవడం వేరు పనిచెయ్యడం వేరు.

ఒక్కటే కొనగలిగితే నా ఓటు ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాల్లేని వేగమైన డ్రైవ్), ర్యామ్ తర్వాత. ర్యామ్ పెంచినా బూట్ అవ్వడం ఆ డిస్క్ మీంచేగా. వీలైతే రెండూ వెయ్యండి. టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ కింద స్లాట్లు ఎన్ని వాడారో, స్పీడ్ ఎంతో రాసి ఉంటుంది. '1 ఆఫ్ 2' అని ఉంటే డీడీఆర్4 ల్యాప్‌టాప్ స్టిక్ 8 జీబీది చేర్చితే 12 అవుతుంది. డెస్క్‌టాప్ స్టిక్ పొడవు, అది పట్టదు.

ఎస్‌ఎస్‌డీ కొనేముందు మీ మోడల్ సర్వీస్ మాన్యువల్ తెరిచి ఎం.2 స్లాట్ (సన్నటి పట్టీలాంటి ఎస్‌ఎస్‌డీ దూర్చే చోటు) ఉందో లేదో, ఉంటే అది సాటానా ఎన్‌వీఎంఈనా, ఈ రెండు రకాల కనెక్షన్లలో ఏదో చూసుకోండి. సాటా మాత్రమే తీసుకునే స్లాట్లో ఎన్‌వీఎంఈ పెడితే డ్రైవ్ అసలు కనబడదు. వైఫై కార్డు కూర్చున్న బుల్లి స్లాట్‌ని చూసి ఇదే అనుకోకండి. ఎం.2 లేకపోతే 2.5 అంగుళాల సాటా, 7 మిల్లీమీటర్ల మందం, పాత డిస్క్ చోట్లోనే కూర్చుంటుంది. సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ సామాన్ల మార్కెట్ సీటీసీకి వెళ్తే పాత డిస్క్ కూడా చేత పట్టుకెళ్లండి, కొలత మీద గొడవ ఉండదు.

స్క్రూడ్రైవర్:
కొనడానికి ముందు రెండు చూసి చెప్పండి. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ పేజీ తెరిచి 'యావరేజ్ రెస్పాన్స్ టైమ్' ఎంతో. తర్వాత డిస్క్ ఆరోగ్యం చూపే క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని 05 (పాడై పక్కన పెట్టేసిన సెక్టార్లు, అంటే డిస్క్ మీది చిన్న గడులు), సీ5 (సరిగ్గా చదవలేక అనుమానంలో ఉన్న సెక్టార్లు) వరుసల్లో రా వాల్యూస్ ఎంతో. మీరు చెప్పిన 'కాసేపాగి అన్నీ ఒక్కసారే' లక్షణం నాకు నచ్చలేదు.

అలాగే సీపీయూ స్పీడ్ 0.4, 0.8 గిగాహెర్ట్జ్ దగ్గరే అతుక్కుపోయిందా? కొన్ని ల్యాప్‌టాప్‌లు చార్జర్ పిన్ మధ్యలోని సన్న సూది నుంచి సిగ్నల్ రాకపోతే చార్జర్ తమది కాదనుకుని ప్రాసెసర్‌ని అక్కడే బిగించేస్తాయి.

తాటిముంజ:
సీపీయూ 2 పైనే ఉంది, అది కాదు. రెస్పాన్స్ టైమ్ మామూలుగా 300 మిల్లీసెకన్లు, ఆగిపోయినప్పుడు 6000 దాటింది. క్రిస్టల్ పసుపు రంగులో 'కాషన్' అంటోంది. 05 దగ్గర అన్నీ సున్నాలు, సీ5 దగ్గర చివర 18 ఉంది. పద్దెనిమిదేగా, పర్లేదా?

స్క్రూడ్రైవర్:
అది పద్దెనిమిది కాదండీ. ఆ సాఫ్ట్‌వేర్ ఆ అంకెల్ని హెక్సాడెసిమల్‌లో, అంటే పదహారేసి లెక్కలో, చూపిస్తుంది, 18 అంటే 16+8, మొత్తం 24. అంటే 24 సెక్టార్లు చదవబోతే సరిగ్గా రాలేదు. అలాంటి చోట డిస్క్ వదలకుండా మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, అంతసేపూ వెనకున్న పనులన్నీ క్యూలో నిలబడతాయి. మీ మౌస్ కదిలి, క్లిక్ పలకనిది అందుకే.

కాబట్టి గో బ్యాక్ నొక్కకండి. అది గిగాబైట్ల కొద్దీ ఫైళ్లను ఇదే డిస్క్ మీద అటూ ఇటూ మారుస్తుంది, మధ్యలో చదవలేని సెక్టార్ తగిలితే పదీ ఉండదు, పదకొండూ ఉండదు. విండోస్‌లోనే ఉండే చెక్‌డిస్క్‌తో బ్యాడ్ సెక్టార్లు వెతికించడం కూడా ఇప్పుడే వద్దు, గంటలకొద్దీ ఆ డిస్క్‌ని రుద్దుతుంది. ముందు డాక్యుమెంట్లు, తర్వాత ఫొటోలు, చివర సినిమాలు, ఈ వరుసలో బయటి డ్రైవ్‌కి కాపీ చెయ్యండి. ఏదైనా ఫైల్ దగ్గర ఆగిపోతే దాన్ని వదిలి ముందుకెళ్లండి.

నల్లడబ్బా:
అయితే క్లోనింగ్, అంటే పాత డిస్క్‌ని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి దించే ఆలోచన కూడా వదిలెయ్యండి. 1 టీబీ నుంచి, ఒకవేళ కొనేది 512 జీబీ ఎస్‌ఎస్‌డీ అయితే, దానికి మార్చాలంటే పార్టిషన్ కుదించాలి, ఈ డిస్క్ మీద అదో ప్రాణసంకటం. కాపీ అయ్యాక వేరే కంప్యూటర్లో మీడియా క్రియేషన్ టూల్‌తో 8 జీబీ పెన్‌డ్రైవ్ తయారుచేసుకుని కొత్త ఎస్‌ఎస్‌డీలో శుభ్రంగా ఎక్కించండి. ప్రాడక్ట్ కీ అడిగితే 'ఐ డోంట్ హ్యావ్' నొక్కి ముందున్న ఎడిషనే, హోమ్ అయితే హోమే, ఎంచుకోండి. లైసెన్స్ మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది.

విప్పేటప్పుడు కింది రబ్బరు కాళ్ల కింద స్క్రూలు దాగుంటాయేమో చూడండి, రాకపోతే బలవంతంగా లాగకండి. మూత రాగానే మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదియ్యాలి, ఆ తర్వాతే ఏదైనా ముట్టుకోవాలి. ర్యామ్ స్టిక్‌ని ఏటవాలుగా దూర్చి, రెండు వైపులా క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి నొక్కండి. మొదటిసారి ఆన్ చేసినప్పుడు తెర ఒక నిమిషం నల్లగా ఉంటే కంగారుపడకండి, కొత్త ర్యామ్‌ని సరిచూసుకుంటుంది. అప్పటికీ రాకపోతే స్టిక్ తీసి మళ్లీ పెట్టండి.

తాటిముంజ:
కాపీ మొదలుపెట్టాను, డాక్యుమెంట్లు అయిపోయాయి. పాత డిస్క్‌కి యూఎస్‌బీ కేస్ కొని బ్యాకప్‌కి వాడుకోవచ్చా?

స్క్రూడ్రైవర్:
సీ5 24 ఉన్నదానిలోనా! అందులో పెట్టింది పోయినా పర్లేదనుకునేవైతే పెట్టుకోండి.