పెద్ద వంటల రోజు సిలిండర్‌కి మంచు పడుతోంది, గ్యాస్ మానేయాలా?

కొత్త క్యాటరర్:
నమస్తే అండి. ఈమధ్యే క్యాటరింగ్ మొదలుపెట్టాను. కొంత వంట కిచెన్‌లో, కొంత ఆరుబయట టెంట్‌లో. అంతా ఎల్పీజీ మీదే. పెద్ద ఆర్డర్ ఉన్న రోజు వంట మధ్యలో మంట తగ్గిపోతోంది, సిలిండర్ కింది భాగానికి మంచు పడుతోంది. కదిపి చూస్తే లోపల గ్యాస్ ఉంది. రెగ్యులేటర్ మార్చినా అంతే. చాలా టెన్షన్‌గా ఉంది. ఇండక్షన్‌కో కట్టెలకో మారిపోనా? వడ్డించే చోట గిన్నెల కింద వెలిగించే జెల్ డబ్బాలు మంచివేనా?

పొయ్యి దగ్గర మనిషి:
గ్యాస్ మానేయకండి. సిలిండర్ లోపల ఉండేది ద్రవం, బర్నర్‌కి వచ్చేది దాని ఆవిరి. ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని అది సిలిండర్ గోడల ద్వారా చుట్టూ ఉన్న గాలి నుంచే తీసుకోవాలి. పెద్ద బర్నర్లన్నీ ఒకేసారి ఫుల్‌గా పెడితే గాలి ఇచ్చే వేడి చాలదు. ద్రవం చల్లబడి ప్రెషర్ పడిపోతుంది. ఈసారి గమనించండి, ద్రవం ఎంత ఎత్తు వరకు ఉందో మంచు గీత అక్కడే ఆగుతుంది. ద్రవం తగ్గేకొద్దీ వేడి అందుకునే గోడ కూడా తగ్గుతుంది కాబట్టి వంట చివర్లో ఇబ్బంది ఎక్కువ. చలికాలంలో మరీనూ. బ్యూటేన్ మరిగేది సున్నా డిగ్రీల దగ్గర, ప్రొపేన్ మాత్రం మైనస్ 42 దగ్గరే మరుగుతుంది. బ్యూటేన్ పాలు ఎక్కువున్న గ్యాస్ అందుకే చలిలో మొరాయిస్తుంది.

దీనికి మందు రెండు మూడు సిలిండర్లను మానిఫోల్డ్‌తో, అంటే అన్నింటినీ ఒకే పైపుకి కలిపే అమరికతో కలిపి, అన్నింటి నుంచి ఒకేసారి గ్యాస్ తీసుకోవడం. అప్పుడు ఒక్కోదాని మీద లోడ్ తగ్గుతుంది. బిగింపు పని తెలిసినవాళ్లతోనే చేయించండి. సిలిండర్‌కి మంట చూపించడం, పడుకోబెట్టి వాడటం మాత్రం వద్దే వద్దు. పడుకోబెడితే ద్రవమే పైపులోకి వచ్చేస్తుంది.

కరెంటు పనివాడు:
ఇండక్షన్ గురించి నేను చెప్తాను. 20 లీటర్ల నీళ్లు 25 డిగ్రీల నుంచి మరిగించాలంటే 5 కిలోవాట్ల ఇండక్షన్ పొయ్యికి దాదాపు 25 నిమిషాలు. వేడిలో ఎక్కువ భాగం గిన్నెకే వెళ్తుంది, వంటగది ఉడికిపోదు. కిచెన్‌లో త్రీ ఫేజ్, దానికి తగ్గ వైరింగ్ ఉంటే హాయిగా పెట్టుకోండి. గిన్నెల అడుగు మాత్రం అయస్కాంతం అంటుకునే రకం కావాలి. బయట జనరేటర్ మీద ఇలాంటివి నాలుగు నడపాలంటే లెక్క కుదరదు.

కొత్త క్యాటరర్:
చాలా థ్యాంక్స్ అండి. టెంట్‌లో కొందరు బొగ్గులు వాడుతున్నారు. పొగ ఉండదు కదా, అది మేలు కాదా?

పొయ్యి దగ్గర మనిషి:
పొగ లేకపోవడమే అక్కడ ప్రమాదం. నిప్పులు కణకణలాడుతూ ఉంటాయి, కంటికీ ముక్కుకీ ఏమీ తెలియదు, కార్బన్ మోనాక్సైడ్ మాత్రం వస్తూనే ఉంటుంది. వంట అయ్యాక బూడిద కప్పిన నిప్పుల నుంచి కూడా వస్తుంది. గాలికని టెంట్ పరదాలు దించేశారంటే లోపల ఉన్నవాళ్లకి మొదట తలనొప్పి, తర్వాత మగత. బొగ్గులైనా కట్టెలైనా పూర్తిగా తెరిచిన చోటే. కట్టెలు బాగా ఎండినవి కావాలి, రెండు కట్టెలు కొడితే ఖంగుమనాలి. పచ్చివైతే వేడిలో కొంత తడి ఆరడానికే పోతుంది. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేలబారుగా పాకి గుంటల్లో చేరుతుంది. సిలిండర్లు కాలువల పక్కన, సెల్లార్‌లో పెట్టకండి.

జెల్ డబ్బాలు వేడిగా ఉన్నదాన్ని 60 డిగ్రీల పైన నిలబెట్టడానికే, చల్లారినదాన్ని వేడి చేయడానికి కాదు. స్పిరిట్ జెల్ మంట పగటి వెలుతురులో దాదాపు కనిపించదు. ఆరిపోయిందనుకుని పైనుంచి మళ్లీ జెల్ పోస్తే మంట సీసాలోకి ఎగబాకుతుంది. ఖాళీ అయిన డబ్బాని మూతతో ఆర్పి, చల్లారాక తీసేసి, కొత్తది పెట్టమని కుర్రాళ్లకి గట్టిగా చెప్పండి. నేనైతే ఒత్తి ఉన్న రకమే వాడతాను. దాంట్లో మంట ఒత్తి దగ్గరే ఉంటుంది, ఒలికినా వెంటనే అంటుకోదు.