విడిదికి గుడిదీర్ఘం పడితే

మొదటి పోస్టు (విజయవాడ, గవర్నర్‌పేట, డీటీపీ షాపు)

అందరికీ నమస్కారం. అడగాల్సింది రెండు ఇంగ్లీషు కంప్యూటర్ మాటలకు తెలుగు గురించే. కానీ దాని వెనక నా తప్పు ఒకటుంది, ముందు అది ఒప్పుకోవాలి.

మాది చిన్న షాపు. పెళ్ళి కార్డులు, కరపత్రాలు, బిల్లు పుస్తకాలు చేస్తాం. పాత ఫైళ్ళన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో, యూనికోడ్ కాని ‘అను’ అనే పేరున్న తెలుగు ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ ఏమో 2001లో వచ్చిన 7.0తోనే ఆగిపోయింది. అందుకని కొత్త కంప్యూటర్‌లో వర్చువల్‌బాక్స్ వేసి, దాని లోపల విండోస్ 7 వేసి, అందులో పేజ్‌మేకర్ పెట్టుకున్నాం. కంప్యూటర్ కడుపులో ఇంకో కంప్యూటర్, దాన్నే వర్చువల్ మెషీన్ అంటారు.

అంతా బాగానే ఉంది గానీ లోపలి విండోస్ తెర 800×600 చుక్కలకి మించి పెరగలేదు. పెద్ద మానిటర్ మధ్యలో అగ్గిపెట్టంత కిటికీ. మెనూలు వెతికితే స్కేల్డ్ మోడ్ అని కనబడింది. నొక్కాను, తెరంతా నిండిపోయింది. హమ్మయ్య అనుకున్నా. అక్షరాలు కాస్త అలికినట్టు కనబడ్డాయి గానీ, నా కళ్ళజోడు నంబరు మారిందేమో అనుకుని ఊరుకున్నా.

ఆ వారమే ఒక శుభలేఖ వచ్చింది. కింద ‘విడిది’ అని రాసి పక్కన ఫంక్షన్ హాలు పేరు ఉండాలి. కుర్రాడు తొందరలో వికి గుడిదీర్ఘం కొట్టాడు. పేజీ మొత్తం కనబడేలా పెడితే ఆ అక్షరం ఆరేడు చుక్కల ఎత్తు ఉంటుందేమో. వి మీద గుడికీ, వీ మీద గుడిదీర్ఘానికీ తేడా ఆ చివర చిన్న కొక్కెమే కదా, అది మసకలో కలిసిపోయింది. నేను ప్రూఫ్ కాగితం తీయకుండా తెర మీదే చూసి సరే అన్నా. 500 కార్డులు పడ్డాయి. ‘వీడిది: ఫలానా ఫంక్షన్ హాలు.’ పెళ్ళికొడుకు మేనమామ కార్డు చేతిలో పట్టుకుని, “ఏవండీ, మావాడిదని హాలు రాసిచ్చేశారా?” అన్నాడు. ఆయన నవ్వాడు కాబట్టి బతికిపోయాను. కార్డులు మాత్రం మళ్ళీ నా ఖర్చుతోనే వేశా.

ఇంతకీ సందేహం ఏంటంటే, ఈ సమస్యకు తెలుగులో సాయం దొరుకుతుందేమోనని ఫోన్‌లో ఒక అనువాద యాప్‌ను అడిగితే స్క్రీన్ రిజల్యూషన్‌ను ‘స్క్రీన్ తీర్మానం’ అంది. తెర ఏ పంచాయతీలో తీర్మానం చేసిందో తెలీదు. రిజల్యూషన్‌కి, వర్చువల్ మెషీన్‌కి మీరు ఏ మాటలు వాడతారు?

జవాబు (గుంటూరు, బ్రాడీపేట, రిటైరైన సంస్కృతం మాస్టారు)

వర్చువల్ అన్నదానికి భౌతికశాస్త్రం పుస్తకాల్లో ‘మిథ్యా’ అని ఉంది కదా నాయనా. అద్దంలో కనబడేది మిథ్యా ప్రతిబింబం. ఆ లెక్కన మిథ్యా యంత్రం అనొచ్చు.

జవాబు (డీటీపీ షాపు)

అనొచ్చు మాస్టారూ, కానీ దాంట్లోంచి వచ్చిన 500 కార్డులు మిథ్య కాలేదు.

జవాబు (విజయవాడ, ఆఫీసుల్లో సిస్టమ్స్ చూసే కుర్రాడు)

అన్నా, మాటల సంగతి పెద్దలు చూసుకుంటారు. ముందు మీ తెర సంగతి చూద్దాం. స్కేల్డ్ మోడ్ తెరను పెంచదు, ఉన్న బొమ్మను సాగదీస్తుంది. 800×600 అంటే 4,80,000 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ 1920×1080 అంటే 20,73,600. నాలుగింతలకు పైగా తేడా. మీరు తక్కువ చుక్కల్నే పెద్ద తెర మీద పరిచారు, అందుకే వత్తులు, గుళ్ళు అలికినట్టు అయిపోయాయి. ముందు కుడి కంట్రోల్ పట్టుకుని సీ నొక్కండి, మామూలు కిటికీ వస్తుంది. ఆ మోడ్‌లో ఉన్నంతసేపు పైన మెనూ కనబడదు, కంగారు పడొద్దు.

అసలు కారణం వేరే. లోపలి విండోస్‌కి తను ఎలాంటి డిస్‌ప్లే కార్డు మీద నడుస్తోందో తెలీదు. డివైస్ మేనేజర్‌లో చూడండి, స్టాండర్డ్ వీజీఏ గ్రాఫిక్స్ ఎడాప్టర్ అని ఉంటుంది. అంటే దొరికిన పాత పద్ధతిలో ఏదో నెట్టుకొస్తోంది. దానికి గెస్ట్ ఎడిషన్స్ (Guest Additions) అని వర్చువల్‌బాక్స్ వాళ్ళే ఇచ్చే డ్రైవర్ల కట్ట వెయ్యాలి. విండోస్ లోపల నడుస్తుండగానే కిటికీ పైన డివైసెస్ మెనూలో గెస్ట్ ఎడిషన్స్ సీడీ పెట్టమనే వరస నొక్కండి. లోపల మై కంప్యూటర్‌లో సీడీ డ్రైవ్ కనబడుతుంది, అది తెరిచి ఇన్‌స్టాల్ చేసి, లోపలి విండోస్‌ను రీస్టార్ట్ చెయ్యండి. తర్వాత వ్యూ మెనూలో ఆటో రీసైజ్ గెస్ట్ డిస్‌ప్లే మీద టిక్ ఉందో లేదో చూడండి. ఉంటే కిటికీని ఎంత లాగితే లోపలి డెస్క్‌టాప్ అంత అవుతుంది. ఆ వరస బూడిదరంగులో ఉండి నొక్కుడు పడకపోతే గెస్ట్ ఎడిషన్స్ సరిగ్గా ఎక్కలేదని అర్థం.

అయినా కుదరకపోతే మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి, సేవ్ చేసి కాదు, సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే చూడండి. విండోస్‌కి గ్రాఫిక్స్ కంట్రోలర్ వీబాక్స్ ఎస్‌వీజీఏ ఉండాలి. లైనక్స్ అయితే వీఎంఎస్‌వీజీఏ. వీడియో మెమరీ 16 ఎంబీ ఉంటే పెంచుకోండి. ఫుల్ హెచ్‌డీకి చుక్కకు 4 బైట్ల లెక్కన 8 ఎంబీ చాలు గానీ, 4కే (3840×2160) మానిటర్ అయితే ఒక్క తెరకే 32 ఎంబీ దాకా కావాలి.

జవాబు (గుంటూరు, అరండల్‌పేట నుంచి ఒక పిన్ని)

ఇన్ని చుక్కలు, ఇన్ని వరసలు అంటుంటే నాకు ధనుర్మాసం గుర్తొస్తోంది. ముగ్గుల పుస్తకంలో ప్రతి ముగ్గు కిందా అదే కదా రాసేది, 15 చుక్కలు 15 వరసలు అని. తక్కువ చుక్కలు పెట్టి పెద్ద వాకిలంతా లాగితే ముగ్గు ఎలా ఉంటుందో మా అత్తగారు ఒక్క చూపులో చెప్పేవారు. బాబూ, ఆ రిజల్యూషన్‌ని చుక్కల లెక్క అనండి, ఎవరికైనా అర్థమవుతుంది.

జవాబు (మాస్టారు)

‘చుక్కల లెక్క’ బాగుందమ్మా. ‘స్పష్టత’ అంటారు కొందరు, కానీ స్పష్టత ఫలితం, చుక్కల సంఖ్య కారణం. మా బ్రాడీపేటలో లైన్లూ అడ్డరోడ్లూ లెక్కపెట్టి ఇల్లు పట్టుకున్నట్టు తెర మీద చుక్కను పట్టుకోవచ్చు కూడా.

ఇక ఆ అబ్బాయి గెస్ట్ అన్నాడు. గెస్ట్ అతిథి, హోస్ట్ ఆతిథేయుడు. పత్రికల్లో ఆటల పేజీలో ‘ఆతిథ్య జట్టు’ అని రాస్తుంటారు, ఆ హోస్టే. పాణిని ‘తత్ర సాధుః’ అనే అర్థంలో అతిథి శబ్దం నుంచి ఆతిథేయ అని సాధించాడు, ‘పథ్యతిథివసతిస్వపతేర్ఢఞ్’ అని సూత్రం. అతిథి విషయంలో మంచివాడు, యోగ్యుడు అని అర్థం. మీ బయటి కంప్యూటర్ 800×600 ఇచ్చి కూర్చోబెట్టిందంటే ఇంకా ఆతిథేయ అనిపించుకోలేదన్నమాట.

జవాబు (డీటీపీ షాపు)

మాస్టారూ, ఒక అనుమానం. తిథి చూసుకోకుండా వచ్చేవాడు అతిథి అని చిన్నప్పుడు చెప్పారు. మా విండోస్ 7 అలా రాలేదండీ. దానికి ఇంత ర్యామ్, ఇంత డిస్క్, ఇన్ని ప్రాసెసర్లు అని ముందే మాట్లాడుకుని తెచ్చుకున్నాం.

జవాబు (మాస్టారు)

తిథి లేనివాడు అనేది సంప్రదాయ వ్యుత్పత్తి. తిరగడం అనే అర్థమున్న ధాతువు నుంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. ఎలా చూసినా మీ విండోస్ దారినపోయే వాడు కాదు, ఒప్పుకుంటాను. ఇచ్చిపుచ్చుకోడాలు మాట్లాడుకుని, ముహూర్తానికి వచ్చేవాళ్ళను మన ఇళ్ళల్లో ఏమంటాం?

జవాబు (పిన్ని)

మగపెళ్ళివారంటాం! వాళ్ళను దించేది విడిదిలో. అదిగో, మీ కార్డులో తప్పు పడ్డ మాటే దొరికింది చూడండి. వర్చువల్ మెషీన్‌ని విడిది అనండి. ఇల్లు మనదే, కరెంటు మనదే, వంటవాళ్ళూ మనవాళ్ళే. లోపల మాత్రం వాళ్ళ పెత్తనం. వాళ్ళ గదిలోంచి మన సంగతులు వాళ్ళకు కనబడవు. విడిదిలో దించగానే పళ్ళెంలో సబ్బు, దువ్వెన, పౌడరు, అద్దం పెట్టి పంపిస్తాం కదా, ఆ గెస్ట్ ఎడిషన్స్ ఏదో అదే. అది పంపకపోతే మగపెళ్ళివారు మొహం ముడుచుకుని 800×600లోనే కూర్చుంటారు.

జవాబు (సిస్టమ్స్ కుర్రాడు)

పిన్నిగారూ, నేను మూడేళ్ళుగా ట్రైనింగ్‌లో చెప్పేదానికంటే మీరు నాలుగు వాక్యాల్లో బాగా చెప్పారు. పైగా ఆ పళ్ళెంలో ఇంకా ఉన్నాయి. మౌస్ లోపలికీ బయటికీ ఇబ్బంది లేకుండా తిరగడం, ఇక్కడ కాపీ చేసి అక్కడ పేస్ట్ చెయ్యడం, రెండింటికీ ఉమ్మడి ఫోల్డర్, అన్నీ గెస్ట్ ఎడిషన్స్ వేశాకే పనిచేస్తాయి. కాపీ పేస్ట్, ఫోల్డర్ మాత్రం సెట్టింగ్స్‌లో విడిగా ఒప్పుకోవాలి. అంటే విడిదికీ పెళ్ళింటికీ మధ్య తిరిగే పిల్లలకు తలుపు తీసి పెట్టడం.

ఒక్క అభ్యంతరం ఉంది. విడిది మూడు రోజుల ముచ్చట. నా దగ్గర లైనక్స్ మెషీన్ ఒకటి ఆరేళ్ళుగా ఉంది. దాన్ని ఇల్లరికం అనాలేమో. అన్నట్టు ఆ ఇల్లరికపుటల్లుడికి కెర్నెల్, అంటే లైనక్స్ గుండెకాయ, మారినప్పుడల్లా అలక. కొత్త కెర్నెల్‌కి హెడర్ ఫైళ్ళు లేకపోతే గెస్ట్ ఎడిషన్స్ మాడ్యూల్ కట్టుకోదు, తెర మళ్ళీ చిన్నదైపోతుంది. హెడర్లు, కంపైలర్ వేసి మళ్ళీ సెటప్ నడిపితే దారికొస్తాడు.

జవాబు (మాస్టారు)

విడిది అన్నది మూడు రోజులకే కట్టుబడ్డ మాట కాదు నాయనా. ‘విడియు’ అనే క్రియ ఉంది, దిగడం, బస చేయడం అని. సేనలు విడిశాయి అంటారు. అందులోంచే విడిది. పెళ్ళికే ముడిపడిపోయింది అనుకుంటాం గానీ వేసవి విడిది అంటాం, రాష్ట్రపతి శీతాకాల విడిదికి బొల్లారం వచ్చారని ఏటా పేపర్లో చదువుతాం. అచ్చ తెలుగు మాట, ముచ్చటగా మూడక్షరాలు. నా మిథ్యా యంత్రాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.

జవాబు (ఇంకో సభ్యుడు, విజయవాడ)

వర్చువల్ మెషీన్‌ని వీఎం అంటే రెండక్షరాల్లో పోయేదానికి ఇంత చర్చా? బస అంటే సరిపోదా, మకాం అంటే సరిపోదా?

జవాబు (పిన్ని)

బసలో మర్యాద ఎవరూ చెయ్యరు బాబూ, గది అద్దె ఇచ్చి దిగడమే. మీ గెస్ట్‌కి హోస్ట్ ఉంది కదా, చూసుకునేవాళ్ళు ఉన్నారు కాబట్టి విడిది.

జవాబు (డీటీపీ షాపు)

తమ్ముడు చెప్పినట్టే చేశాను. పని గంట లోపే అయింది. సీడీ పెట్టిన మొదటిసారి ఏమీ మారలేదు, చూస్తే రీస్టార్ట్‌ను ‘తర్వాత’ అని వదిలేశా. రీస్టార్ట్ చేసి కిటికీ మూలను లాగితే డెస్క్‌టాప్ దాంతోపాటే సాగింది, 1920×1080 వచ్చి కూర్చుంది. పాత శుభలేఖ ఫైలు తెరిచాను. పేజీ మొత్తం పెట్టినా ఆ దిక్కుమాలిన కొక్కెం స్పష్టంగా కనబడుతోంది. ఇన్నాళ్ళూ నా కళ్ళజోడును తిట్టుకున్నా.

వర్చువల్‌బాక్స్ జాబితాలో మెషీన్ పేరు కూడా తెలుగులో మార్చమని కుర్రాడికి చెప్పా. ఇప్పుడే చూశాను. ‘వీడిది’ అని కొట్టాడు.