ఖాజాగూడ గుట్టలకు దీపాలు, మెట్లు, టికెట్టు కావాలా?

మణికొండ నివాసి:
హైదరాబాదులోని ఖాజాగూడ గుట్టలను పర్యాటక స్థలంగా తీర్చిదిద్దాలని కోరుతూ వినతిపత్రం ఇవ్వాలనుకుంటున్నాను. 2015లో వారసత్వ స్థలాలను కాపాడే పదమూడో నిబంధనను తొలగించడంతో నగరంలోని కొన్ని శిలాసమూహాలకు ఉన్న రక్షణ పోయింది. చూసేవారు లేని గుట్టను పేల్చేస్తే అడిగేవారుండరు.

శిలాప్రియ:
ఈ గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల సంవత్సరాలు. భూగర్భంలో గడ్డకట్టిన శిల పగుళ్ల వెంట నీరు దిగి, అంచులు కుళ్లి, ఆ మట్టి కొట్టుకుపోగా మిగిలిన గుండ్లే ఒకదానిపై ఒకటి నిలిచాయి. అక్కడ దీపాలు వెలిగిస్తే గుడ్లగూబలు నిలవవు.

మణికొండ నివాసి:
నేను రక్షణ గురించి అడిగాను, మీరు దీపాల గురించి చెబుతున్నారు.

శిలాప్రియ:
శీర్షికలో దీపాలని రాసింది మీరే. ముందు వాటి సంగతి తేల్చండి.

పాతబాట:
గుట్ట మీది దర్గాకూ, అనంత పద్మనాభస్వామి గుడికీ వెళ్లేవారు కూడా టికెట్టు కొనాలా?

శిలాప్రియ:
దుర్గం చెరువును చూడండి. 2020లో తీగల వంతెన వచ్చాక అందరూ వంతెననే ఫొటో తీస్తున్నారు, పక్కనున్న బండలను ఎవరూ పట్టించుకోవడం లేదు.

మణికొండ నివాసి:
మీరు ఉదయం నడకకు వచ్చి వెళ్లిపోతారు. మాది రాళ్లు కొట్టిన వడ్డెర కుటుంబం. మా నాన్న ముప్పై ఏళ్లు క్వారీలో సుత్తి పట్టి, ఊపిరితిత్తుల్లో రాతిదుమ్ము పేరుకుని చనిపోయారు. క్వారీ మూసిన యజమాని మావాళ్లకు పైసా ఇవ్వలేదు. ఏ బండ ఎక్కడ చీలుతుందో, ఏ గుండు వానకు కదులుతుందో మాకు తెలుసు. ఆ గుట్టను కాపాడే పని, చూపించే పని మాకు దక్కాలి. రక్షణంటే మమ్మల్ని దూరం పెట్టడమేనా?

శిలాప్రియ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే నేను దీపాల దగ్గర ఆగేదాన్ని కాదు. నా అసలు భయం గుత్తేదారు గురించే. మా ఊరి గుట్టకు టెండరు పిలిచినప్పుడు ఊరివాళ్లలో ఒక్కరికీ పని రాలేదు, పైగా వాహనాలు నిలపడానికి రెండు బండలు పగలగొట్టారు. మీ వడ్డెర సంఘానికే అప్పగించి, చీకటి పడ్డాక మూసివేస్తే టికెట్టుకు నేను ఒప్పుకుంటాను.

మణికొండ నివాసి:
దీపాలు, మెట్లు వదులుకుంటాను. అయితే వినతిపత్రంలో మొదటి వాక్యం మా సంఘం గురించే ఉండాలి.

శిలాప్రియ:
మొదటి వాక్యం సరిహద్దుల సర్వే గురించి ఉండాలి. హద్దులు తేలని గుట్టను మీ సంఘానికి ఎవరు, ఎంతమేరకు అప్పగిస్తారు?