పెద్దల నడక: ఎవరెవరు ఏ పని? (కెప్టెన్ టామ్ పుట్టినరోజు వారం)

కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. ఏప్రిల్ ఆఖరి ఆదివారం పెద్దల నడక ఖాయం. 30న కెప్టెన్ సర్ టామ్ మూర్ పుట్టినరోజు. ఆయన మన బెడ్‌ఫర్డ్‌షైర్‌లోనే, మార్‌స్టన్ మొరిటేన్‌లో కూతురింట్లో ఉండేవారు. 2020 లాక్‌డౌన్‌లో, వందో పుట్టినరోజుకి ముందు, ఎన్‌హెచ్‌ఎస్ (బ్రిటన్ ప్రభుత్వ వైద్య సేవ) చారిటీలకి విరాళాల కోసం వాకర్ పట్టుకుని పెరట్లో ఈ చివర నుంచి ఆ చివరకు 25 మీటర్ల చొప్పున వందసార్లు నడిచారు. మనమూ గడ్డిలో 25 మీటర్లు కొలిచి తాడు కడదాం. ఓపిక ఉన్నంత నడిస్తే చాలు, అందరివీ కలిపి వంద చేద్దాం. స్టేజి మీద ఐదు నిమిషాల పరిచయం ఎవరు రాస్తారు?

ఫుడ్ టీమ్:
పులిహోర, దద్దోజనం, మజ్జిగ మావి. షుగర్ ఉన్నవాళ్లకి ఉప్మా విడిగా చేస్తాం. కుర్చీలు మాత్రం మా మీద పెట్టకండి.

కల్చరల్ టీమ్:
పరిచయం నేను రాస్తాను. వెయ్యి పౌండ్లు అనుకుంటే 3 కోట్ల 20 లక్షలు దాటాయన్నది టీవీలో అందరం చూశాం, దాన్ని రెండు వాక్యాల్లో ముగిస్తా. మిగతా తొంభై తొమ్మిదేళ్ల సంగతే మన పెద్దవాళ్లకి నచ్చుతుంది. 1920లో యార్క్‌షైర్‌లోని కీత్లీలో పుట్టారు. సివిల్ ఇంజనీరింగ్ పని నేర్చుకుంటుండగా 1940లో సైన్యానికి పిలుపొచ్చింది. ఓడలో బొంబాయి, అక్కణ్ణుంచి పూనా. మోటార్‌సైకిళ్లంటే పిచ్చి కాబట్టి ఇండియాలో సైనికులకి బండి నడపడం నేర్పే పని ఆయనకే అప్పగించారు. తర్వాత బర్మాలో అరకాన్, అక్కడ డెంగ్యూ కూడా వచ్చింది. యుద్ధం అయ్యాక రూఫింగ్ సామాను అమ్మారు, కాంక్రీటు కంపెనీ నడిపారు, ఇద్దరు ఆడపిల్లల్ని పెంచారు. భార్య పమేలా మతిమరుపు జబ్బుతో కేర్‌హోమ్‌లో ఉంటే రోజూ వెళ్లి చూసొచ్చేవారు. ఆవిడ 2006లో పోయారు. ఆ మరుసటి ఏడాది చిన్న కూతురు దగ్గరికి వచ్చేశారు. అల్లుడు, మనవడు, మనవరాలు, అంతా ఒకే ఇల్లు. నాకైతే వంద రౌండ్ల కంటే ఆ కేర్‌హోమ్ దారే పెద్ద నడక అనిపిస్తుంది.

యూత్ టీమ్:
అక్కా, బర్మా గురించి ఇంకో నిమిషం చెప్పండి. అక్కడ పోరాడిన బ్రిటిష్‌వాళ్ల పద్నాలుగో ఆర్మీలో ఎక్కువమంది ఇండియావాళ్లేనని మా పిల్లలకి తెలీదు. రంగూన్ దగ్గర టౌక్యాన్ స్మారకం మీద, సమాధి కూడా దొరకని దాదాపు 27,000 మంది పేర్లున్నాయి. ఆ ఫొటో ఒకటి బోర్డు మీద పెడతాం.

ట్రెజరర్:
డబ్బు సంగతి ఇప్పుడే తేల్చుకుందాం. ఆయన పేరుతో తర్వాత కుటుంబం పెట్టిన ఫౌండేషన్ మీద చారిటీ కమిషన్ (చారిటీలను పర్యవేక్షించే ప్రభుత్వ సంస్థ) విచారణ జరిపి, 2024 నవంబరులో కూతురిని, అల్లుడిని గట్టిగా తప్పుపట్టింది. పెద్దాయన నడిచి తెచ్చిన సొమ్ము వేరు, అది ఎన్‌హెచ్‌ఎస్ చారిటీలకి చేరింది, దాని మీద ఆ విచారణే లేదు. అయినా కరపత్రంలో ఫౌండేషన్ పేరు వద్దు. వచ్చినదంతా నేరుగా ఆసుపత్రి చారిటీకి పంపి, రసీదు ఇక్కడే పెడతాను.

కోఆర్డినేటర్:
మంచిది అన్నయ్యా, అలాగే కానివ్వండి. ఎవరైనా అడిగితే దాచకుండా ఇదే చెప్పండి.

రిజిస్ట్రేషన్ డెస్క్:
మన సభ్యుల్లో ఒకరి నాన్నగారు రిటైర్డ్ సుబేదార్, విజిటర్ వీసా మీద వచ్చి ఉన్నారు. జెండా ఊపడానికి ఒప్పుకున్నారు. రెండు షరతులు పెట్టారు: శాలువా కప్పకూడదు, టైముకి మొదలుపెట్టాలి. పదిన్నర అని వేసి పదకొండున్నరకి మొదలెట్టే మన అలవాటు ఆయన దగ్గర సాగదు.

ఫుడ్ టీమ్:
అయితే టిఫిన్ తొమ్మిదిన్నరకే దించేస్తాం. కుర్చీల సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

యూత్ టీమ్:
కుర్చీలు మావి ఆంటీ. వ్యాన్ ఉన్నవాళ్లు ఒకరు కావాలి. వాన పడితే హాల్లోనే 25 మీటర్లు టేపుతో కొలుస్తాం.

కోఆర్డినేటర్:
వ్యాన్ నాది. ఫస్ట్ ఎయిడ్ తెలిసినవాళ్లు ఇద్దరు, వీల్‌చెయిర్ తోయడానికి నలుగురు ఇంకా కావాలి. శుక్రవారంలోగా చెప్పండి.