కాథరిన్ డేవిడ్ డాక్యుమెంటా: గోడలు ఒకరికి, మైకు ఇంకొకరికా?

ప్రశ్న:
జర్మనీలోని కాసెల్ ఊళ్లో 1955 నుంచి జరుగుతున్న అంతర్జాతీయ సమకాలీన కళా ప్రదర్శన డాక్యుమెంటాకి 1997లో తొలిసారి ఒక మహిళ సారథి అయ్యారు: ఫ్రెంచి క్యూరేటర్ (ప్రదర్శనకి కళాఖండాలు ఎంచి, అమర్చే వ్యక్తి) కాథరిన్ డేవిడ్. కళకి రాజకీయాలతో పని లేదంటే ఒప్పుకోని మనిషి. అయినా ప్రదర్శనలో ఎక్కువ చోటు యూరప్, అమెరికా కళాకారులకే దక్కింది. మిగతా ఖండాల వాళ్లు ఎక్కువగా సాయంత్రం ప్రసంగాల్లోనే కనిపించారు. అక్కడి ఆలోచన బొమ్మల్లో కన్నా సాహిత్యంలో, సినిమాలో, సంగీతంలో గట్టిగా పలుకుతోందని ఆమె వాదన. ఇది న్యాయమేనా?

జవాబు 1:
కాదండీ. మాట్లాడమని పిలిచి, బొమ్మ తగిలించడానికి మేకు కూడా ఇవ్వకపోతే అదేం గౌరవం? అప్పటికే మన తెలుగు చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసిన బొమ్మలు) ఉన్నాయి. పల్లె మనుషుల ఒంటినీ కోరికనీ అంత ధైర్యంగా గీసినవాటిని చూశాక, ఇక్కడ బొమ్మ బలహీనమంటే నేను ఒప్పుకోలేను.

జవాబు 2:
మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ గోడల మీద ఏముందో కూడా చూడాలి కదండీ. మన్‌హటన్‌లో ఒకే యజమాని గుప్పిట్లో ఉన్న 142 ఆస్తుల వివరాలను, ఎక్కువగా పేదల అద్దె ఇళ్లవి, సర్కారీ రికార్డుల్లోంచి తీసి ఫోటోలతో సహా పేర్చాడు జర్మన్ కళాకారుడు హాన్స్ హాకె. 1971లో న్యూయార్క్‌లోని గుగెన్‌హైమ్ మ్యూజియం అతని ప్రదర్శననే రద్దు చేసింది. ఆ పనిని డేవిడ్ కాసెల్‌కి తెచ్చారు. బ్రెజిల్ కళాకారులు ఒయిటిసికా, లిజియా క్లార్క్‌లకూ చోటిచ్చారు. వాడకంలో లేని రైలు పట్టాల మధ్య, ఆగ్నేయ యూరప్ నుంచి తెచ్చిన పిచ్చిమొక్కలు నాటాడు ఆస్ట్రియా కళాకారుడు లోయిస్ వైన్‌బెర్గర్. వలస గురించి అంతకన్నా సూటిగా ఎలా చెప్తారు? ప్రసంగాలూ కంటితుడుపు కాదు. ప్రదర్శన సాగిన 100 రోజులకి 100 మంది అతిథులు, వాళ్లలో వలస పాలన ప్రభావాల మీద రాసిన మేధావులు ఎడ్వర్డ్ సయీద్, గాయత్రీ స్పివాక్. ఆ మరుసటి ఏడాది నుంచే డేవిడ్ లెబనాన్ రాజధాని బేరూత్ లాంటి నగరాల కళాకారులతో అరబ్ ప్రపంచం మీద ఏళ్ల తరబడి పనిచేశారు.

జవాబు 1:
తర్వాత చేసిన పనికి దండం పెడతాను. అయితే 1997లో కాసెల్‌కి 6 లక్షల పైచిలుకు జనం వచ్చారు. వాళ్లు చూసింది ఆ గోడలనే. 2002లో నైజీరియాలో పుట్టిన ఒక్వుయ్ ఎన్వెజర్ తర్వాతి డాక్యుమెంటాకి సారథిగా వచ్చి అదే ఊళ్లో అన్ని ఖండాల వాళ్లకీ గోడలిచ్చారు. అయిదేళ్లలో కళాకారులు కొత్తగా పుట్టుకురాలేదు కదా!

జవాబు 2:
ఆ మాట ఒప్పుకుంటాను. ఐతే ఎన్వెజర్ ప్రదర్శన కన్నా ముందే ఊరూరా చర్చలు పెట్టారు, 2001లో ఢిల్లీలో కూడా. ఆ దారి డేవిడ్ సాయంత్రాల నుంచే మొదలైందని నా నమ్మకం.