నాన్నగారి తుంటి విరిగింది: ఎముకలు గుల్లబారడం నాకూ వస్తుందా?

ప్రశ్న

నమస్కారం. 66 ఏళ్ల మా నాన్నగారు గత నెలలో నీళ్ల బిందెతో పెరటి మెట్టు దిగుతూ జారిపడితే ఎడమ తుంటి విరిగింది. ఎముకల సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో టీ స్కోరు మైనస్ 3.1 వచ్చింది, అంటే ఎముకలు గుల్లబారినట్టే. మా తాతగారు కూడా చివరి రోజుల్లో నడుము వంగిపోయి, కర్ర లేనిదే లేచేవారు కాదు. పీఎల్ఎస్3 అనే జన్యువులో లోపం ఉంటే మగవారి ఎముకలు గుల్లబారతాయని చదివినప్పటి నుంచి దిగులుగా ఉంది. నాకు 44 ఏళ్లు, ఇంతవరకు ఏ ఎముకా విరగలేదు. జన్యు పరీక్ష చేయించుకోమంటారా?

మొదటి సమాధానం

పీఎల్ఎస్3 గురించి మీరు భయపడనక్కరలేదండి. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చేది వై క్రోమోజోమ్ కనుక, తాతగారి నుంచి నాన్నగారికి గాని, ఆయన నుంచి మీకు గాని ఆ లోపం సంక్రమించే దారి లేదు. ఒకవేళ నాన్నగారిలో అది నిజంగా ఉంటే మీ నాయనమ్మగారి వైపు నుంచి వచ్చి ఉండాలి, అప్పుడు ఆరా తీయవలసింది మీ అక్కచెల్లెళ్ల గురించి, వారి కొడుకుల గురించి. పైగా 2013లో వెల్లడైన ఈ లోపం ఉన్న మగపిల్లలకు సాధారణంగా చిన్నతనం నుంచే చిన్న దెబ్బలకు కూడా చేతులు, కాళ్లు, వెన్నుపూసలు విరుగుతుంటాయి.

అలాగని వంశం ప్రభావం లేదనలేం. ఎముక సాంద్రతలో మనిషికీ మనిషికీ కనిపించే తేడాలో 50 నుంచి 85 శాతం దాకా వారసత్వానిదేనని కవలల మీద జరిగిన అధ్యయనాలు చెబుతున్నాయి. అయితే అది ఏ ఒక్క జన్యువు పనీ కాదు. బ్రిటన్‌లో లక్షలాది మంది ఆరోగ్య, జన్యు వివరాలు భద్రపరిచే యూకే బయోబ్యాంక్ సమాచారంతో 2019లో వెలువడిన పరిశోధన సాంద్రతతో ముడిపడిన 518 జన్యు స్థానాలను గుర్తించింది. వాటిలో చాలావాటి వాటా విడివిడిగా చూస్తే చాలా స్వల్పం. అందుకే నా దృష్టిలో, ఎముక విరిగే ముప్పును అంచనా వేసే ఫ్రాక్స్ లెక్కలో, తల్లికి గాని తండ్రికి గాని తుంటి విరిగిందా అని అడిగే ప్రశ్న మీకు జన్యు పరీక్ష కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది.

రెండవ సమాధానం

మగవారి ఎముకలకు పురుష హార్మోన్ టెస్టోస్టెరాన్ ఒక్కటే చాలదు, స్త్రీ హార్మోన్‌గా పేరుపడ్డ ఈస్ట్రోజెన్ కూడా కావాలి. 1994లో ఈస్ట్రోజెన్‌ను కణాలు అందుకునేలా చేసే గ్రాహకం తాలూకు జన్యువు పనిచేయని 28 ఏళ్ల యువకుడి గురించి వైద్యులు నివేదించారు. టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉన్నా అతని ఎముకలు గుల్లబారాయి, 204 సెంటీమీటర్ల ఎత్తు ఉండి కూడా ఇంకా పెరుగుతూనే ఉన్నాడు. ఇలాంటివి బహు అరుదు. మగవారిలో తరచుగా కనిపించేవి స్టెరాయిడ్ మాత్రలు, మద్యం, టెస్టోస్టెరాన్ తగ్గడం వంటి కారణాలు. నాన్నగారు ఎప్పుడైనా స్టెరాయిడ్లు వాడారా?

ప్రశ్న అడిగినవారు

ఈ ప్రశ్న మాకు తట్టనే లేదు. అమ్మను అడిగితే బీరువాలోని పాత రేకు డబ్బా తీసి చూపించింది. అందులో ఉబ్బసం కోసం నాన్నగారు ఏళ్ల తరబడి వేసుకున్న ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ మాత్రల ఖాళీ అట్టలు ఉన్నాయి. రేపు వాటిని, పాత చీటీలను డాక్టరుగారి దగ్గరకు తీసుకెళ్తున్నాను. తండ్రికి తుంటి విరిగిన సంగతి నా లెక్కలో ఎలాగూ ఉంటుంది కనుక, నాకు డెక్సా అవసరమో కాదో కూడా ఆయననే అడుగుతాను.