మంగు మచ్చలకి అతిమధురం: పొడి రుద్దాలా, సీరమ్ కొనాలా?

అలిపిరి స్కూటీ:
అక్కలూ, కొంచెం చెప్పండి. రెండో కాన్పు అయినాక రెండు బుగ్గల మీదా, పై పెదవి మీదా మంగు వచ్చింది. పాపకి ఏడాదిన్నర నిండింది, మచ్చ పోలేదు సరికదా ఈ ఎండలకి ఇంకా ముదిరింది. రోజూ అలిపిరి నుంచి రేణిగుంట దాకా స్కూటీలోనే పోయి రావాలి, చున్నీ ఎంత బిగించి కట్టినా లాభం లేదు. మా అత్తమ్మ మూలికల అంగట్లో అతిమధురం పొడి తెచ్చింది, పాలల్లో కలిపి, నాలుగు చుక్కలు నిమ్మరసం పిండి రుద్దమంటుంది. వారం రుద్దినా. మంట, పెదవి పక్కన ఎర్రగా పొక్కింది. ఆఫీసులో ఒకమ్మాయి అతిమధురం సీరమ్ వాడమంటోంది. అదీ ఇదీ ఒకటేనా? తెల్లగా అవ్వాలని కాదు, నా రంగు నాకు చాలు. మచ్చ పోతే చాలు.

చిత్తూరు బీఫార్మసీ:
ముందు ఆ నిమ్మరసం ఆపు తల్లీ. నిమ్మరసం రాసుకుని ఎండలోకి పోతే చర్మం కాలినట్టు పొక్కి, మానినాక అక్కడ కొత్త నలుపు పడుతుంది. ఉన్న మచ్చ చాలదా!

ఇక అసలు సంగతి. చర్మంలో మెలనిన్ అనే రంగు తయారవ్వాలంటే టైరోసినేజ్ అనే ఎంజైమ్ కావాలి, అతిమధురం వేరులో ఉండే గ్లాబ్రిడిన్ దాన్ని అడ్డుకుంటుంది. లిక్విరిటిన్ అని ఇంకొకటి ఉంది, అది చేరిన రంగుని చెదరగొడుతుందంటారు. 2000లో ఈజిప్టు డాక్టర్లు మంగు ఉన్న 20 మంది ఆడవాళ్ళకి ముఖంలో ఒక పక్క లిక్విరిటిన్ క్రీమ్, ఇంకో పక్క ఉత్త క్రీమ్ నాలుగు వారాలు రాయించి చూస్తే, మందు రాసిన పక్క బాగా తేలికపడింది. చిన్న పరీక్షే, దాన్ని పట్టుకుని ఎగరక్కర్లేదు.

పొడిలో ఇవి లేవని కాదు. కానీ గ్లాబ్రిడిన్ వేరులో ఉండేదే కొంచెం, పైగా నీళ్ళలో సరిగ్గా కరగదు. నువ్వు పాలల్లో కలిపి పదిహేను నిమిషాలు పెట్టి కడిగేస్తే చర్మానికి అందేదెంత? పైగా ఆ పీచు పీచు పొడితో రుద్దడమే ఒక దెబ్బ. మంగు ఉన్న చర్మాన్ని రాపాడితే ఇంకా నల్లబడుతుంది.

సీరమ్ కొంటే వెనకాల చిన్న అక్షరాలు చదువు. గ్లైసిరైజా గ్లాబ్రా రూట్ ఎక్స్‌ట్రాక్ట్ (అంటే అతిమధురం వేరు సారం) అని గానీ, గ్లాబ్రిడిన్ అని గానీ ఉండాలి. డైపొటాషియం గ్లైసిరైజేట్ ఒక్కటే ఉంటే అది ఎరుపు, మంట తగ్గించడానికి మంచిదే, మచ్చకి పెద్దగా చెయ్యదు. ఆ ఎక్స్‌ట్రాక్ట్ పేరు పదార్థాల వరసలో ఎక్కడో ఆఖర్లో, సువాసన పేరు దగ్గర ఉంటే ఆ సీరమ్ కోసం డబ్బులు పెట్టకు.

మామిడితోట:
నా కథ విను చెల్లీ, నాలాగా చెయ్యొద్దు. నాకూ మంగే. మందుల షాపులో అడిగితే ఒక ట్యూబు ఇచ్చారు, పది రోజుల్లో ముఖం బల్బులా వెలిగింది. ఇంట్లో అందరూ ఏం రాస్తున్నావే అని ఒకటే అడగడం, నాకు ఒకటే మురిపెం. మూడు నెలలకి బుగ్గల మీద ఎర్రటి సన్న నరాలు, గడ్డం మీద నూగు, మానేస్తే నిప్పులు పోసినట్టు మంట. చర్మం డాక్టర్ చూసి, ఇందులో స్టిరాయిడ్ ఉందమ్మా, చీటీ లేకుండా ఎవరిచ్చారు అని తిట్టాడు. 2018 నుంచే ఇలాంటి స్టిరాయిడ్ క్రీములు చీటీ లేకుండా అమ్మకూడదంట. ఆ మంట తగ్గడానికే ఐదు నెలలు పట్టింది. ఇప్పుడు డాక్టర్ ఇచ్చిన మందుతో పాటు అతిమధురం సీరమ్ రాస్తున్నా. మంట లేదు, అదే నాకు పండగ. మచ్చ మాత్రం నత్తలాగా తగ్గుతోంది, మూడో నెలకి పెదవి మీద కొంచెం తేడా కనిపించింది.

వేరు వాసన:
పొడిని మరీ తీసిపారేస్తున్నారు. మన యష్టిమధువు, అదే అతిమధురం, ఊరికే పేరు తెచ్చుకోలేదు, గొంతు గరగరకి ఒక పుల్ల నమిలి చూడండి. కానీ పొడిగా కొంటే అది అసలుదో కాదో ఎవరు చెప్పాలి? గురివింద వేరు కూడా తియ్యగానే ఉంటుంది, అతిమధురం పేరుతో దాన్ని కలిపి అమ్మడం పాత అలవాటే. కొనాలంటే పుల్లలుగా కొనండి, విరిస్తే లోపల పసుపు రంగులో పీచుగా ఉండాలి.

చిత్తూరు బీఫార్మసీ:
అది నిజం. ఇంకొకటి, సీరమ్ అయినా మొదట మోచేతి లోపలి పక్క రాసి రెండు మూడు రోజులు చూడు. ఆ పొక్కు పూర్తిగా మానిందాకా ముఖానికి ఏదీ వద్దు. సన్‌స్క్రీన్ లేకుండా మాత్రం ఏ సీరమ్ కొన్నా దండగే. రెండు వేళ్ళ పొడుగునా తీసుకుని ముఖానికీ మెడకీ రాయాలి, మధ్యాహ్నం మళ్ళీ రాయాలి. మంగుకి కంటికి కనపడే వెలుతురు కూడా పడదు, అందుకే గోధుమ రంగు కలిపిన, ఐరన్ ఆక్సైడ్ ఉన్న సన్‌స్క్రీన్ అయితే మేలు. మూడు నెలలకీ తగ్గకపోతే డాక్టర్ దగ్గరికి పో, పాపకి ఇంకా పాలిస్తుంటే ఆ మాట ముందే చెప్పు.

అలిపిరి స్కూటీ:
చాలా థాంక్స్ అక్కా. ఇంట్లో ఉన్న సీరమ్ తిప్పి చూసినా, నువ్వు చెప్పిన ఆ డైపొటాషియం ఒక్కటే ఉంది! పొడి ఇంక రుద్దనని అత్తమ్మకి చెప్పేసినా. వృథా ఎందుకని తనే రోజూ పొద్దున దగ్గుకి ఒక చెంచా పాలల్లో తాగుతోంది.

చిత్తూరు బీఫార్మసీ:
అత్తమ్మకి బీపీ ఉందా?

అలిపిరి స్కూటీ:
ఉంది, రోజూ మాత్ర వేసుకుంటుంది. ఏం?

చిత్తూరు బీఫార్మసీ:
అయితే ఇప్పుడే ఆపించు. అతిమధురం రోజూ లోపలికి తీసుకుంటే బీపీ పెరుగుతుంది, ఒంట్లో పొటాషియం పడిపోతుంది. రేపే ఒకసారి బీపీ చూపించి, ఎన్ని రోజులు తాగిందో డాక్టర్‌కి చెప్పండి.

అలిపిరి స్కూటీ:
అయ్యో దేవుడా. డబ్బా అటక మీద పెట్టేసినా.